నందివర్ధనం పూలలో సాలెపురుగులు

మా పెరట్లో గోడ పక్కన ఒక నందివర్ధనం చెట్టు ఉంది. దాని పక్కనే చిన్న బంతి మడి, నాలుగు చామంతి మొక్కలు. బనగానపల్లె దగ్గరి ఎండలకు ఇంతకంటే ఎక్కువ బతకవు. అంట్లు తోమిన నీళ్ళన్నీ వాటికే పోస్తాను. నా ఫోనులో ఉన్న ఫొటోలన్నీ ఆ పూలవే. చూసినవాళ్ళు పూలు బాగున్నాయని చెప్పి ఫోను తిరిగి ఇచ్చేస్తారు. నేను తీసింది పూలను కాదు. ప్రతి పూవులోనూ ఒక సాలెపురుగు ఉంది. పూవు ఏ రంగో అదీ ఆ రంగే. వేలు పెట్టి చూపించేదాకా ఎవరికీ కనపడదు.

ఆ ఫొటోలు ఎట్లా మొదలైనాయో చెప్పాలంటే మా ఆయన కళ్ళ సంగతి చెప్పాలి. ఆయన మా అమ్మకు కడగొట్టు తమ్ముడు. నాకు మాటలు వచ్చినప్పటి నుంచి మామా అనే పిలిచాను, పెళ్ళయినాక కూడా అదే పిలుపు. ముప్పై ఏళ్ళు మామిడి తోటల్లో కాయలు తెంపే గుంపుకు మేస్త్రీగా చేశాడు. చెట్టు ఎక్కేది కుర్రవాళ్ళు, కింద నిలబడి చూసేది ఆయన. "ఆ పైకొమ్మన, ఆకుల వెనక రెండు మరిచినావు చూడప్పా" అంటే పైనున్నవాడికి కనపడని కాయలు ఈయనకు కింది నుంచి కనపడేవి. తొడిమ పక్కన భుజాలు లేచి కాయ ముదిరిందా లేదా అని పది బారల దూరం నుంచి చెప్పేవాడు. పచ్చి కాయను ఎవడన్నా తెంపితే ఆ రోజంతా వాడితో మాట్లాడేవాడు కాదు.

అట్లాంటి మనిషి వాకిట్లో ఎడమ రెక్క తలుపుకు భుజం కొట్టుకోవడం మొదలుపెట్టాడు. అన్నం తింటూ ఎడమ పక్కన పెట్టిన లోటా తన్నేసేవాడు. బజారులో ఒకరోజు ఎవరో పక్క నుంచి వచ్చి తగిలితే, "ఏమప్పా, పలకకుండా మీద పడతాండావు" అని గొడవ పెట్టుకున్నాడు. ఆ మనిషి నాలుగుసార్లు పిలిచి, ఎదురుగానే వచ్చాడట. అది నాకు తర్వాత ఎవరో చెప్పారు. నొప్పి లేదు, ఎరుపు లేదు, నీళ్ళు కారేది లేదు. ఏమన్నా బాధ ఉంటే కదా మనిషి లేచి ఆసుపత్రికి పోయేది.

మా అమ్మకు మాత్రం అన్నీ తెలుసు అనుకున్నాం. ఆమెకు అప్పటికే రెండు కళ్ళకూ శుక్లాలు తీశారు. తమ్ముడిని కూర్చోబెట్టి కళ్ళు విప్పి చూసింది.

"పొర వస్తాండాది రా నీకు. ఇప్పుడే తీసేకి లేదు. ముదరాల. పచ్చిగా ఉన్నెప్పుడు తీస్తే కన్నే పాడయితాది. నాకు మూడేండ్లు ముదరబెట్టినాక తీసినారు."

ఇంకెవరు చెప్పినా మా ఆయన ఎదురు వాదించేవాడేమో. ముదరాలి అన్న మాట మాత్రం ఆయనకు మంత్రంలాగా పట్టింది. ముప్పై ఏళ్ళు అందరికీ ఆయన చెప్పింది అదే కదా. ఆ రోజు నుంచి పొద్దున్నే మొహం కడుక్కోగానే నా ముందుకు వచ్చి కళ్ళు పెద్దవి చేసి నిలబడేవాడు.

"చూడే, తెల్లగా వచ్చిందా?"

"లేదు మామా, నల్లగానే ఉండాది."

"అయితే ఇంకా పచ్చిదే. ఆగుదాం."

ఇట్లా ఆగింది ఒక నెల కాదు, రెండేళ్ళు.

పొర ముదిరేదాకా కంటికి చలవ చేయాలని నేను నందివర్ధనం పూలు పట్టుకున్నాను. మా పక్క ఇది అందరూ చేసేదే. సాయంత్రం కోసిన పూలు గిన్నెడు నీళ్ళలో వేసి రాత్రంతా ఆరుబయట మంచులో పెడతాం. పొద్దున మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, మూసిన కళ్ళ మీద ఆ తడి పూలు పరుస్తాం. ఒకరోజు నీళ్ళలో వేయడం మరిచిపోయి, అప్పటికప్పుడు చెట్టు మీది నుంచి తెంపుకొచ్చి పెట్టాను. కాసేపటికి ఆయన, "ఏమే, పూవు నడుస్తాండాది" అన్నాడు.

చూద్దును కదా, ఆయన కనుబొమ్మ మీద మెతుకంత తెల్లటి సాలెపురుగు. ముందరి కాళ్ళు రెండు పక్కలకూ చాపి, ఎండ్రకాయ మాదిరి అడ్డంగా నడుస్తోంది. ఆయన లేచి కూర్చుని, దాన్ని అరచేతిలోకి తీసుకుని, బాగా దగ్గరికి పెట్టుకుని చూశాడు.

"దీనికి గూడు లేదే. పూవులోనే కాపు కాస్తాది. ఫొటో తియ్యి, లేకుంటే ఎవురూ నమ్మరు."

నా ఫోను అప్పటికి కొత్తది. దగ్గర పెడితే అంతా మసకగా వచ్చేది. ఆయన చూపు కోసం సంతలో కొన్న కళ్ళజోడు ఒకటి ఉండేది, "దీంతో ఏం లాభం లే" అని గూట్లో పడేశాడు. దాని ఒక అద్దాన్ని ఫోను కన్నుకు అడ్డం పెట్టి చూశాను. పురుగు కాళ్ళ మీది నూగు కూడా కనపడింది. ఆయనకు పనికిరాని అద్దం నాకు అట్లా పనికొచ్చింది.

తర్వాత అదే పనయింది నాకు. నీళ్ళు పట్టేలోపల, గాలి లేవకముందు, పెరట్లో వంగి పూవు పూవూ వెతికేదాన్ని. నీడ పడితే అది రేకు కిందికి పోతుంది, అందుకని ఎండకు ఎదురుగా నిలబడాలి. ఎడమ చేత్తో కాడ పట్టుకోవాలి, ఊపిరి బిగబట్టాలి. వెతికేటప్పుడు పురుగును వెతకకూడదు. కదలని తేనెటీగను వెతకాలి. తేనెటీగ పూవు మీద అంతసేపు కదలకుండా ఉందంటే అది చచ్చిపోయిందని, దాని కింద ఎవరో మెడ పట్టుకుని ఉన్నారని అర్థం. ఈ గుట్టు చెప్పింది మా ఆయనే. తెల్లపురుగు ఒకటి బంతి మడిలోకి మారి, వారం పది రోజుల్లో పసుపు పచ్చగా అయిపోవడం కూడా మేమిద్దరం చూశాం.

పక్కింట్లో మిషను కుట్టే ముస్లిం ఆమె నాకు చెల్లెలి లెక్క. ప్రహరీ మీదినుంచి తల పెట్టి నవ్వేది.

"ఏందక్కా, పొద్దున్నే సాలెపురుగులకు పెండ్లిఫొటోలు తీస్తాండావు. వాటికి జాకెట్టు కొలతలు తెస్తే నేను కుడతా."

"నీ వదులు జాకెట్లు అవి తొడగవులే. అవి బిగుతు కోరతాయి."

"బావ ఒక్కడే తమాషా మనిషనుకున్యా, నువ్వు కూడా తయారైనావు. ఇంట్లో ఇద్దరూ ఇట్లయితే అన్నం ఎవురు వండుతారు?"

అన్నం వండేది నేనే. తిన్నాక మధ్యాహ్నం ఆయన గోడకు ఆనుకుని కూర్చుంటే ఆ రోజు ఫొటో చూపించేదాన్ని. యాడుంది చెప్పు అని ఆట. మొదట్లో ఫోను చేతికి ఇవ్వకముందే వేలు పెట్టేవాడు. "ఇదో, ఆ రేకు మడతలో. నువ్వు తీసేది చాలక, నాకు పరీక్ష ఒకటా?" మామిడి తోటలో కాయ చూసినట్టే. ఆయన కళ్ళకు ఏమీ కాలేదు, వేడి చేసింది అంతే, పూలు పనిచేస్తున్నాయి అని నాకు సంతోషంగా ఉండేది. మా అమ్మకు కూడా చెప్పాను, "తగ్గతాండాది, పురుగులన్నీ కనుక్కుంటాండాడు" అని.

రానురాను కొంచెం ఆలస్యంగా చెప్పేవాడు. ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకునేవాడు, ఒకసారి వాలుగా, ఒకసారి ఎత్తుగా. అయినా చెప్పేవాడు. ఎప్పుడూ నడిమిట్లోనే వేలు పెట్టేవాడు. పురుగూ అక్కడే ఉండేది. నేను ఎప్పుడూ దాన్ని నడిమిట్లో వచ్చేట్టే తీసేదాన్ని కదా, ఇంకెక్కడ ఉంటుంది.

ఆ రోజు ఏమయిందంటే, ఒక నందివర్ధనం పూవును మూడుసార్లు తీశాను. రెండోదానికి నీడ పడి పురుగు కిందికి పోయింది. మూడోది ఉత్త పూవు. చెరిపేద్దామనుకుని మరిచిపోయాను. మధ్యాహ్నం చూపించేటప్పుడు తెర మీదికి వచ్చింది ఆ ఉత్త పూవే. నేను చూసుకోకుండా ఇచ్చాను. ఆయన కాసేపు అటూ ఇటూ తిప్పి, నడిమిట్లో వేలు పెట్టాడు.

"ఇదో, ఈడ. కాళ్ళు చాపుకుని ఎంత కులాసాగా కూర్చున్యాదో చూడు."

నేను ఫోను తీసుకుని చూశాను. తెల్లటి పూవు. అయిదు రేకులు. ఇంకేమీ లేదు.

చెప్పకుండా ఉండి ఉంటే బాగుండేదా అని ఇప్పటికీ అనుకుంటాను. నోటి నుంచి వచ్చేసింది. "దీంట్లో పురుగు లేదు మామా."

ఆయన గోడ వైపు తిరిగాడు. తర్వాత తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు, చెమట లేకపోయినా.

"ఎప్పటి నుంచి కనపడలే?" అని అడిగాను.

"తెల్లపూవులో తెల్లది ఉగాది నుంచే కనపడలే. బంతిలో పచ్చవి మొన్నమొన్నటి దాకా కనపడతాండె."

"మరి ఎందుకు చెప్పలే నాకు?"

"చెప్తే ఏం చేస్తావు? ముదరాల కదా. ముదురుతాండాది లే అని నేను సంతోషంగానే ఉంటిని. ఇంగ రెండు నెలలు పోతే తీసేస్తారు, అప్పుడు అన్నీ ఒకేసారి చూసుకుందాం అని." తలగుడ్డ మళ్ళీ చుట్టుకుంటూ, "నువ్వు అంత ఇష్టంగా తీసుకొస్తాంటివి" అన్నాడు.

మర్నాడే కర్నూలు బస్సు ఎక్కాం. బస్సులో ఆయన ఏ బెదురూ లేకుండా ఉన్నాడు. చూపు బాగా తగ్గిందంటే కాయ బాగా ముదిరిందని ఆయన లెక్క. దారిలో తోటలు వచ్చినప్పుడు నన్ను అడిగాడు, పూత నిలిచిందా అని. కిటికీ పక్కన కూర్చున్నది ఆయనే.

ఆసుపత్రిలో కంటి డాక్టరు చిన్న వయసు ఆడమనిషి. మా ఆయన కూర్చోగానే, "బాగా ముదిరింది తల్లీ, తీసేయండి" అన్నాడు. ఆమె నవ్వి, దీపం వేసి చూసింది. ఒక కన్ను చూసింది, రెండోది చూసింది, మళ్ళీ మొదటిది చూసింది. అప్పటికి నవ్వు లేదు. కంట్లో ఏదో చుక్క వేసి, చిన్న ముక్క ఆనించి, ఎంత ఒత్తిడి ఉందో కొలిచింది. తర్వాత ఇంకో గదిలోకి పంపింది.

ఆ గదిలో తెల్లటి డొప్పలాంటి మిషను. అందులో తల పెట్టి కూర్చోవాలి. లోపల అక్కడక్కడ చిన్న చిన్న వెలుగులు వస్తాయి. వెలుగు కనపడినప్పుడల్లా చేతిలోని మీట నొక్కాలి. చెప్పగానే మా ఆయన చురుగ్గా నొక్కడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. వెనకనుంచి చూస్తున్న నాకు తెలిసిపోయింది. ఆయన నొక్కుతున్నది ఒకే వరసలో, తోటలో బుట్టలు లెక్కపెట్టినట్టు. మిషను నడిపే ఆమెకు కూడా తెలిసింది.

"పెద్దాయనా, వెలుగు కనపడితేనే నొక్కాల."

"కనపడతాండాది లేమ్మా."

"నేను ఇంగా వెయ్యనే లేదు."

అప్పుడాయన మీట మీది నుంచి వేలు తీశాడు. మళ్ళీ మొదటి నుంచి పెట్టింది ఆమె. ఈసారి చాలాసేపు ఆ గదిలో చప్పుడే లేదు. ఎప్పుడో ఒకసారి నొక్కేవాడు. వచ్చిన కాగితం మీద ఎడమ కంటిది దాదాపు అంతా నలుపు. కుడి కంటిది చుట్టూ నలుపు, నడుమ బొట్టుబిళ్ళంత తెలుపు.

"దీన్ని నీటికాసులు అంటారమ్మా" అంది డాక్టరు నాతో. "శుక్లం కాదు. కంట్లో ఒత్తిడి పెరిగి వెనక నరం చచ్చిపోతుంది. నొప్పి ఉండదు. ఇది ముదిరేదాకా ఆగేది కాదు. ముదిరితే పోయేదే."

"తీసేదేమీ లేదా తల్లీ?" అన్నాడాయన.

"లేదండీ. పోయిన చూపు రాదు. మిగిలింది నిలబెట్టుకోవడానికి చుక్కలు ఇస్తాను. అదీ నిలబడుతుందని గట్టిగా చెప్పలేను. రెండేళ్ళ ముందు వచ్చి ఉంటే" అని, మా ఇద్దరి మొహాలూ చూసి ఆపేసింది.

నేను నందివర్ధనం పూల సంగతి కూడా చెప్పాను. రోజూ తప్పకుండా పెట్టామని, ఒక్క పూట కూడా మానలేదని. ఆమె కోప్పడితే బాగుండేది. "పూలవల్ల ఏమీ కాలేదులేమ్మా" అంది మెల్లగా. పూలవల్ల ఏమీ కాలేదు. రెండేళ్ళు మేము చేసిందంతా అదే.

బయటికి వచ్చి బస్టాండులో కూర్చున్నాం. నేను ఏడుస్తుంటే ఆయన నా వైపు కాక, నా పక్కనున్న ఖాళీ వైపు తిరిగి మాట్లాడాడు.

"ఊరుకోయే. కాయ గురించి తెలిసినోడిని అనుకుంటి. చెట్టుకే తెగులు పట్టింటే, నేను కాయ ముదిరేది చూస్తా కూర్చుంటి."

మా అమ్మకు ఆ మాట చెప్పలేకపోయాం. ఆపరేషనుకు ఇంకా టైముందన్నారని చెప్పాం. ఆమె "చూసినావా, నేను చెప్పలే?" అంది.

చుక్కలు మాత్రం ఆయన ఒక్క పూట తప్పలేదు. పొద్దున, సాయంత్రం. నేను రెప్ప ఎత్తి పట్టుకుంటే రాయిలాగా కదలకుండా ఉండేవాడు. అయినా చూపు తగ్గుతూనే వచ్చింది. ఎడమ కన్ను మొదట పూర్తిగా పోయింది. కుడికంట్లో మిగిలిన కిటికీ ఎంత ఉందో ఆయనే చెప్పేవాడు. ఒక నెల గాజంత. ఇంకొన్నాళ్ళకు ఉంగరమంత. పక్కింటామె ఒకరోజు అడిగింది, "బావా, చుట్టూ చీకటిగా ఉంటాదా?" అని.

"చీకటి ఉంటే బాగానే ఉండె. ఏమీ ఉండదమ్మా. నీ వీపు వెనక ఏముండాదో నీకు నల్లగా కనపడతాదా? అట్లనే."

ఆ రోజు ఆమె జోకులేమీ వేయలేదు. మెల్లగా ప్రహరీ మీది నుంచి తల తీసి వెళ్ళిపోయింది.

నేను ఫొటోలు తీయడం మానేశాను. ఎవరికి చూపించాలి? ఆయనే మొన్న శీతాకాలంలో ఒకరోజు అడిగాడు.

"ఫోనులో వద్దు. నిజందాన్ని చూడాలనుండాది. ఇంగ చూసేది ఎన్నాళ్ళో."

తెల్లదానిలో తెల్లది ఆయనకు చూపించే పని కాదు. రెండు రోజులు ఆలోచించాను. బంతి మడిలో పసుపు పచ్చది ఒకటి ఉంది, బాగా బలిసినది, ఆడది. దాన్ని పుల్లతో మెల్లగా ఎత్తి, ఒక పెద్ద నందివర్ధనం పూవు మీద వదిలాను. ఇన్నాళ్ళూ ఎంత దాక్కుంటే అంత గొప్పగా ఫొటో తీసినదాన్ని, ఆ రోజు అందరికీ కనపడేట్టు తెల్లటి పూవులో పచ్చటి పురుగును పెట్టాను. అది మొదట బెదిరింది. ముందరి కాళ్ళు ఎత్తి నిలబడింది. తర్వాత నడుమ పచ్చటి గొట్టం దగ్గరికి వచ్చి కూర్చుంది. పూవును కాడతో తెంపి, ఎండలో కూర్చున్న ఆయన కుడికంటికి జానెడు దూరంలో పట్టాను.

"కొంచెం పైకి. ఇంగొంచెం. ఈ పక్కకు. ఆగు." ఊపిరి కూడా తీయకుండా చూశాడు. "ఆఁ. ఉండాది. కాళ్ళు ఎత్తింది. పొట్ట మీద రెండు చుక్కలు ఉండాయి కదా?"

ఉన్నాయి. గుచ్చి చూస్తే తప్ప నాకే కనపడని చుక్కలు. ఆయన మొహంలో ముప్పై ఏళ్ళ ముందు తోటలో నిలబడిన మేస్త్రీ కనపడ్డాడు. పూవును అట్లాగే పట్టుకున్నాను. మాట్లాడితే చెయ్యి కదులుతుందని భయం.

దానికి ఆ తెల్లటి పూవు తన చోటు కాదని తెలుసు కదా. అడ్డంగా నాలుగు అడుగులు వేసింది. ఎక్కడికీ పోలేదు, పక్క రేకు మీదికి వెళ్ళింది, అంతే.

"పాయ" అన్నాడు.

"పోలే మామా. నీ ముందరే ఉండాది. పక్క రేకు మీద."

తల తిప్పాడు. నేను పూవును తిప్పాను. ఆయన ఇటు తిప్పితే నేను అటు, ఇద్దరమూ ఒకేసారి. "ఎడమకు. కాదు, నీ ఎడమకు. కిందికి." ఉంగరమంత కిటికీ ఆ పూవు మీద ఎక్కడెక్కడో తిరిగింది. రేకు చివర, నా గోరు, కాడ, మళ్ళీ రేకు. అది మాత్రం అక్కడే, పచ్చగా, పొట్ట మీద రెండు చుక్కలతో, ఎవరికన్నా కనపడేట్టు కూర్చుని ఉంది. ఎండ ఎక్కింది. నా చేతి వేడికి రేకులు మెత్తబడి వాలిపోయాయి.

"సాలు లే" అన్నాడు. "బంతి మడిలో ఇడ్సిపెట్టు దాన్ని. ఈడ ఉంటే పిట్ట తినేస్తాది."

నేను వెళ్ళి దాన్ని బంతి పూవు మీద దింపి వచ్చేసరికి ఆయన ఇంకా అదే చోట, అంతే దూరంలో, నేను పూవు పట్టుకున్న గాలిలోకి చూస్తూ ఉన్నాడు. పోయి పక్కన కూర్చున్నాను. కూర్చున్నది నేనని చెప్పడానికి చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు ఉలిక్కిపడ్డాడు.